సైకిల్‌ను కుడివైపు తొక్కడం క్షేమమేనా?

విజయనగరం నుంచి నెల్లిమర్లకు రోజూ సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్లదలచానని, ఎదురుగా వచ్చే బండ్లు కనబడతాయి కనుక కుడివైపు తొక్కడమే మేలని ఇంట్లో పెద్దలు చెబుతున్నారని, చెరువుగట్టు మీద నడిచేవారి మధ్య ఎలా మెలగాలో కూడా తెలియజేయమని అడిగారు. ఆ దారిలో తొమ్మిదేళ్లు తొక్కినవాడిగా చెబుతున్నాను, దయచేసి కుడివైపు వెళ్లవద్దు.

ఎదురు వచ్చే బండ్లను చూస్తూ సాగమన్న మాట కాలినడకన వెళ్లేవారికి చెప్పినది. సైకిల్ మిగతా బండ్లతో పాటు ఎడమవైపే నడవాలి. మొదట్లో నేనూ కుడివైపే తొక్కేవాడిని. ఒక మార్గశిర ఉదయం, మంచు ఇంకా విడవకముందే, పక్క సందులోంచి రోడ్డెక్కుతున్న మోటారుసైకిలు నన్ను గుద్దింది. అతని తప్పేమీ లేదు. సందులోంచి ఎడమకు తిరిగేవాడు తన కుడిచేతివైపు నుంచి ఏ బండి వస్తోందో చూసుకుంటాడే గాని, ఎడమవైపు నుంచి ఒక సైకిల్ వస్తుందని ఊహించడు. పైగా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్‌ను 50 కిలోమీటర్ల వేగంతో వెనుక నుంచి వచ్చే బండి 35 కిలోమీటర్ల తేడాతో సమీపిస్తుంది. ఎదురెదురైతే అది 65 అవుతుంది, తప్పుకోవడానికి దొరికే వ్యవధి దాదాపు సగమైపోతుంది.

ఎడమవైపు అంటే మరీ అంచున కాదు. తారుకు, మట్టికి మధ్య గట్టు తెగిన చోట చక్రం జారితే రోడ్డు మీదికే పడతాము కనుక రెండు మూడడుగులు లోపలికి ఉండండి. ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకునేంత ఎడం విడిచిపెట్టండి.

సంక్రాంతికి ముందూ వెనుకా మన రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఆ గింజల మీద బ్రేకు వేస్తే చక్రం పూసల మీద పడ్డట్టు జారిపోతుంది. అసలు ప్రమాదం కుప్ప దగ్గరికి వచ్చాక చటుక్కున రోడ్డు మధ్యకు రావడంలో ఉంది. ముప్పై గజాల ముందే వెనక్కి తిరిగి చూసి, కుడిచెయ్యి చాచి, వెనుకవారు గమనించారని నమ్మకం కలిగాకే మెల్లగా జరగండి. చీకటిలో ఆ రాళ్లు కనబడవు కనుక ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు తప్పనిసరి. రైతును నిందించకండి, కళ్లం లేని ఊళ్లో అతనికి వేరే చోటు లేదు.

చెరువుగట్టు మీద మాత్రం పెద్దబండి మనదే. వీపు వెనుకకు వచ్చి బెల్లు కొడితే వృద్ధులు ఉలిక్కిపడి, ఒక్కొక్కసారి మన చక్రం కిందికే తప్పుకుంటారు. ఇరవై అడుగుల దూరంలోనే ఒకసారి బెల్లు కొట్టి, వేగం తగ్గించి, ‘అమ్మా, కుడివైపు నుంచి వస్తున్నాను’ అని చెప్పి దాటండి. నలుగురైదుగురు కలిసి నడుస్తుంటే దిగి, నడిపించుకు వెళ్లడమే మర్యాద.

మీ మొదటి ఉద్యోగపు ప్రయాణానికి ముందు ఒక ఆదివారం తెల్లవారాక ఆ దారంతా ఒకసారి తొక్కి, ఏయే సందుల దగ్గర బండ్లు రోడ్డెక్కుతున్నాయో గుర్తుపెట్టుకోండి.