రీపర్‌లో (పాటలు రికార్డ్ చేసి ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) పాట టెంపో పెంచితే గొంతు, డప్పు రెండూ పాడవుతున్నాయి, ఏ స్ట్రెచ్ మోడ్ పెట్టాలి?

96 బీపీఎంలో (నిమిషానికి 96 బీట్లు) రికార్డ్ చేసిన పాటను మీరు 100కి తెచ్చారు, గొంతు రోబోలా ఉంది, డప్పు దెబ్బ మెత్తబడింది, మోడ్‌ల లిస్టు చూస్తే ఏమీ అర్థం కావట్లేదు అన్నారు. నాకూ ఒక జానపద పాట దగ్గర ఇదే జరిగింది. పాడినావిడ విని "ఇది నా గొంతేనా?" అని అడిగేసరికి చాలా బాధేసింది, ఆ రాత్రంతా ఒక్కో మోడ్ పెట్టి అదే పల్లవి విన్నాను.

ముందు గొంతు ఐటమ్‌ని (ట్రాక్ మీద కనిపించే రికార్డింగ్ ముక్క) సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కండి. ప్లేబ్యాక్ రేట్ 1.0417 దగ్గర ఉండాలి, 100ని 96తో భాగిస్తే వచ్చేది అదే. అక్కడే ప్రిజర్వ్ పిచ్ అని ఒక టిక్ ఉంటుంది. అది తీసేస్తే టేపును వేగంగా తిప్పినట్టే, శబ్దం శుభ్రంగానే ఉంటుంది కానీ శ్రుతి దాదాపు 70 సెంట్లు పెరుగుతుంది, హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉన్నదే 100 సెంట్లు కాబట్టి ఇక దేనితోనూ కలవదు. అందుకని టిక్ ఉంచాల్సిందే. టిక్ ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్, స్థూలంగా చెప్పాలంటే, శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి మళ్లీ అతుకుతుంది, ఆ అతికే పద్ధతులే మీరు చూసిన మోడ్‌లు.

గొంతు ఒక్కటే ఉన్న ట్రాక్‌కి ఇలాస్టిక్ సోలోయిస్ట్, అందులో మోనోఫోనిక్ పెట్టండి. నాకు సంగతులు, గొంతులో జీర బాగా నిలిచింది దీంతోనే. అయితే ఇది ఒకేసారి ఒక్క స్వరమే ఉందని నమ్ముకుని పనిచేస్తుంది, పక్కన వాయించిన హార్మోనియం కూడా ఆ మైక్‌లోకి వచ్చి ఉంటే దీర్ఘాలు తీసేచోట వణుకు వినిపిస్తుంది. అప్పుడు ఇలాస్టిక్ ప్రో మేలు. హార్మోనియంకీ ప్రోనే.

డప్పు సంగతి వేరు, దాన్ని అసలు సాగదీయకండి, కుదించకండి. దెబ్బ పడిన ఆ మొదటి క్షణంలోనే డప్పు ప్రాణమంతా ఉంటుంది, దాని మీద అతుకు పడితే ఒక దెబ్బ రెండుగా వినిపిస్తుంది, లేదా అంచు అరిగిపోతుంది. నేను చేసేది ఇది: టెంపో మార్చకముందే డప్పు ఐటమ్ సెలెక్ట్ చేసి డి నొక్కి డైనమిక్ స్ప్లిట్‌తో దెబ్బదెబ్బకీ కోస్తాను, ఆ ట్రాక్ టైమ్‌బేస్‌ను (టెంపో మారితే ఐటమ్‌లు ఎలా మారాలో చెప్పే సెట్టింగ్) "బీట్స్, పొజిషన్ ఓన్లీ"కి మారుస్తాను, ఆ తర్వాతే 100 కొడతాను. ముక్కలు దగ్గరికి జరుగుతాయి కానీ ఏ ముక్క వేగమూ మారదు. ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కిన చోట చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) చాలు. ఇదంతా మొదట్లోనే క్లిక్ (మెట్రోనోమ్ టిక్‌టిక్) పెట్టుకుని వాయించి ఉంటేనే, లేకపోతే ముందు దెబ్బల్ని గ్రిడ్‌కి, అంటే తెర మీది బీట్ గీతలకి, సర్దుకోవాలి, అది ఓపిక పని.

ఇంకోటి, ఒకసారి స్ట్రెచ్ చేసి రెండర్ చేసిన (కొత్త ఆడియో ఫైల్‌గా బయటికి తీసిన) ఫైల్‌ని మళ్లీ స్ట్రెచ్ చేయొద్దు. నేను 98 చేసి, నచ్చక, ఆ రెండర్ మీదే 100 చేశాను, ఆవిడ విన్నది ఆ వెర్షనే. ప్రతిసారీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. ఒకవేళ విడి ట్రాక్‌లు పోయి మిక్స్ చేసిన ఫైల్ ఒక్కటే మిగిలితే ప్రో పెట్టి, 100 దాకా వెళ్లేముందు 98 దగ్గర ఆగి హెడ్‌ఫోన్స్‌లో డప్పు మాత్రమే గమనిస్తూ వినండి.