నా షాపు, నా ఇష్టం అంటే చట్టం ఒప్పుకుంటుందా?

సందేహం: వరంగల్ చౌరస్తా దగ్గర మాకు బట్టల షాపు ఉంది, 22 మంది పనిచేస్తారు. దసరాకు ముందే హనుమకొండలో ఇంకోటి తెరుస్తున్నాం. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి ఇట్లా రాసుకున్నా: "సేల్స్ గర్ల్స్ కావలెను. వయసు 18–25. పెళ్లికానివారు మాత్రమే. మా కులం పిల్లలకు ప్రాధాన్యం." మా అల్లుడు చూసి ఇది పెడితే కేసవుతుంది మామా అంటున్నాడు. ప్రైవేటు షాపు కదా, నా ఇష్టం కాదా? ఇంకో మాట. బిల్లింగ్‌కు పోలియో ఉన్న అమ్మాయి అప్లికేషన్ ఇచ్చింది. చురుకైన పిల్లే, కానీ కస్టమర్లు ఏమనుకుంటారోనని ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అల్లుడు చెప్పింది నిజమే, ఆ మెసేజ్ పెట్టకండి.

మీ ఇష్టం అనేది చాలావరకు మీదే, అది ఎవరూ తీసుకోలేదు. అనుభవం ఉన్నవాళ్లే కావాలనండి, లెక్కలు వచ్చినవాళ్లే కావాలనండి, ఆదివారాలు రావాలనండి, ఎవరూ అడగరు. రాజ్యాంగంలోని 16వ అధికరణ సర్కారు కొలువుల గురించి, అది మీ షాపు గడప దాకా రాదు. కానీ వేరే చట్టాలు వస్తాయి, అవి ఒక్కచోట లేవు కాబట్టి చాలామంది షాపు ఓనర్లకు అసలు ఉన్నట్టే తెలియదు.

ముందు కులం సంగతి, ఎందుకంటే మీ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదం అదే. ప్రైవేటు ఉద్యోగాల్లో కుల వివక్ష మొత్తాన్నీ నిషేధించే ఒకే చట్టం మన దగ్గర లేదు, ఇది లోటే అని నా అభిప్రాయం. అట్లాగని దారి పూర్తిగా ఖాళీగా లేదు. అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఉద్యోగానికి రానివ్వకపోతే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఎస్సీ, ఎస్టీ వాళ్లను కులం చూసి పనికి అడ్డుకుంటే 1989 అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు పడే సెక్షన్ ఉంది. "మావాళ్లకు ప్రాధాన్యం అన్నానంతే, ఎవరినీ వద్దనలేదు" అని మీరు కోర్టులో వాదించుకోవచ్చు, కానీ రేపు ఒక ఎస్సీ అబ్బాయిని కారణం చెప్పకుండా తిప్పి పంపితే అవతలి వకీలు ముందుగా చూపించేది మీ మెసేజ్ స్క్రీన్‌షాటే.

ఇక "గర్ల్స్", "పెళ్లికానివారు". 1976 నాటి సమాన వేతన చట్టమే నియామకాల్లో ఆడవాళ్ల మీద వివక్ష వద్దంది. ఇప్పుడు దాని చోట వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. కొత్తదాంట్లో మాట ఇంకా విశాలం, ఒకే తరహా పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడా మగా అని తేడా చూపొద్దంటుంది, అంటే మగపిల్లలను పక్కన పెట్టినా అదే లెక్క. తప్పితే 20 వేల దాకా జరిమానా. చీర కట్టి చూపించే చోట, లేడీస్ ట్రయల్ రూమ్ దగ్గర ఆడవాళ్లే కావాలంటే కారణం చెప్పుకోవచ్చని నేననుకుంటాను. ప్యాంటు గుడ్డ చింపి ఇవ్వడానికి ఏం కారణం చెబుతారు?

పెళ్లి షరతు ఎందుకు పెట్టారో నాకు తెలుసు, పెళ్లయితే మానేస్తుంది, లేదా ప్రసూతి సెలవు అడుగుతుంది. పది మంది, ఆపైన ఉన్న షాపులో ఆ 26 వారాల జీతం సెలవు ఆమె హక్కు, అది తప్పించుకోవడానికి ముందే గేటు మూయడం కుదరదు. మగవాళ్లను అడగని పెళ్లి ప్రశ్న ఆడపిల్లలను అడిగితే అది ఆడా మగా తేడా చూపడమే. 1991లో నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎల్‌ఐసీ ఉద్యోగ ఫారంలో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు అడిగే గడులు ఉండేవి, కోర్టు వాటిని తీసేయమంది. అది ప్రభుత్వ సంస్థే, అయినా ఇట్లాంటి ప్రశ్నలను కోర్టు ఏ కంటితో చూస్తుందో అర్థమవుతుంది. మీకు అసలు తెలియాల్సింది సీజన్‌లో రాత్రి దాకా ఉంటారా లేదా అన్నదే కదా, అదే అడగండి, అందరినీ అడగండి. రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుకోలు, ఇంటికి చేరే ఏర్పాటు మీ బాధ్యత.

వయసు విషయంలో చట్టం పట్టు తక్కువ, 25 దాటినవాళ్లను తీసుకోకపోతే నేరుగా కేసు పెట్టే చట్టం ప్రైవేటులో లేదు. కానీ చీరల అమ్మకంలో నలభై ఏళ్ల ఆమె ముందు ఇరవై ఏళ్ల పిల్ల నిలబడగలదా అన్నది మీకే బాగా తెలియాలి. పండుగ రద్దీ అని పద్నాలుగేళ్లలోపు పిల్లలను మాత్రం పెట్టొద్దు, పద్దెనిమిది నిండిందో లేదో పుట్టిన తేదీ సర్టిఫికెట్ చూసి తీసుకుంటే టెన్షన్ ఉండదు.

ఆ పోలియో అమ్మాయి గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా వర్తిస్తుంది. మీకు రిజర్వేషన్ కోటా లేదు, కానీ వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో వద్దనడానికి వీల్లేదు, పనికి అవసరమైన చిన్న సర్దుబాట్లు చేయకపోవడం కూడా వివక్ష కిందికే వస్తుంది. మొదటి తప్పుకు పది వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా. "కస్టమర్లు ఏమనుకుంటారో" అనేది కారణం కాదు, బిల్లింగ్ కూర్చొని చేసే పని. కంప్యూటర్ మీద ఓ పది బిల్లులు కొట్టించి చూడండి, మిగతావాళ్లకూ అదే పరీక్ష పెట్టండి. కాలికి ఏమైంది, ఎప్పటి నుంచి అని ఆరా తీయకుండా, కౌంటర్ దగ్గర ఏం ఏర్పాటు కావాలమ్మా అని అడిగితే చాలు. అన్నట్టు, మీ దగ్గర 20 మంది దాటారు కాబట్టి వికలాంగులకు ఏ ఏర్పాట్లు చేస్తారో చెప్పే సమాన అవకాశాల విధానం అనే కాగితం రాసి షాపులో అందరికీ కనబడేలా పెట్టాలి, ఒక కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఈ ఊళ్లో అది పెట్టిన షాపు నా కంట ఇంకా పడలేదు.

చేరేముందు రక్త పరీక్షలు అడిగే అలవాటుంటే మానండి. ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్ష షరతు పెట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి వచ్చి అడిగినా అంతే, నియామకంలో తేడా చూపొద్దని 2019 చట్టం.

మెసేజ్ ఇట్లా మార్చండి: "హనుమకొండలోని బట్టల షాపుకు సేల్స్, బిల్లింగ్ స్టాఫ్ కావలెను. వయసు 18 నిండాలి. తెలుగు చదవడం, లెక్కలు రావాలి. సీజన్‌లో రాత్రి వరకు పని ఉంటుంది. జీతం ఇంత." జీతం తప్పకుండా రాయండి, సగం బేరాలు అక్కడే తగ్గుతాయి. వచ్చినవాళ్ల పేర్లు, అడిగిన ప్రశ్నలు, ఎందుకు తీసుకోలేదో ఒక్కో లైను ఒక నోటుబుక్కులో రాసి ఏడాది పాటు దాచండి, రేపు లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వస్తే మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే. తీసుకున్నవాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వండి. చాలా షాపుల్లోలాగా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోకుండా, చూసి జిరాక్స్ తీసుకొని అప్పటికప్పుడే చేతిలో పెట్టేయండి.