ముందు కాకిని తియ్యి, అమ్మలూ

చి. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నన్ను కడిగేసింది. "బంగారం కొనుక్కోవే అంటే కెమెరా కొనుక్కొచ్చింది, అన్నీ నీ బుద్ధులే" అని. కెమెరా నీకు, అక్షింతలు నాకు. సరే, ఎటూ తిన్నాను కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు వచ్చింది.

నువ్వు పంపిన పిచ్చుక ఫొటోలు చూశాను. ఎనిమిదిట్లో ఏడు మసక. "లెన్సులో లోపమేమో, మార్పించమందామా మామయ్యా" అన్నావు. లెన్సుకేం కాలేదు. షట్టరు 1/80 (సెకనులో ఎనభయ్యో వంతు) ఉందని నువ్వే రాశావు కదా, ఆ వేగంలో పిచ్చుక కాదు కదా, పడుకున్న పిల్లి కూడా కుదరదు. లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా అంటావేమో. అది నీ చెయ్యి వణుకు సర్దుతుంది, పిచ్చుక మెడ తిప్పుకుంటే దానికేం సంబంధం? కూర్చున్న పిట్టకి 1/500కి తగ్గకు. గెంతేదానికి 1/1000, ఎగిరేదానికి 1/2000 పైన. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఆటోలో పెట్టి పై హద్దు 6400 ఇవ్వు. ఫొటో మీద రవ్వ చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది, రానీ. గ్రెయిన్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయినదాన్ని బాగుచేసే మందు లేదు.

దగ్గరికొచ్చిన గోరింక మీద ఫోకస్ పట్టకుండా లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోందన్నావు. లెన్సు పక్కన చిన్న స్విచ్చిలుంటాయి, వాటిలో ఒకటి ఫోకస్ దూరానికి హద్దు పెట్టేది. అది 'ఫుల్' మీద ఉందో లేదో చూడు. రెండో వైపుంటే దగ్గరి పిట్టని అది పట్టదు, నువ్వెన్నిసార్లు నొక్కినా సరే. కొత్త లెన్సు కొన్నవాళ్లలో సగం మంది మొదటి వారం ఈ స్విచ్చి దగ్గరే కంపెనీని తిట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. ఒక నెల రోజులు కాకిని తప్ప ఏ పిట్టనీ తియ్యకు.

నవ్వకు. పటమటలో మీ పెరటి గోడ మీద మీ అమ్మ రోజూ ముద్ద పెడుతుంది. అంటే టైముకి, చెప్పిన చోటికి, పన్నెండు అడుగుల దూరానికి వచ్చి నిలబడే పిట్ట నీకు పైసా ఖర్చు లేకుండా ఉంది. నీ 400 ఎం.ఎం. లెన్సుకి పన్నెండు అడుగుల్లో కాకి నిండుగా వస్తుంది. జామచెట్టు చివరన తేనెపిట్ట మాత్రం అదే లెన్సులో బఠాణీ గింజంత. కొత్తవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. లెన్సు దూరాన్ని తగ్గించేస్తుందనుకుంటారు. కొంత తగ్గిస్తుంది గానీ, పిట్ట దగ్గరుంటేనే ఈక ఈకగా కనపడుతుంది.

రెండో కారణం నలుపు. నేను పెళ్లిళ్లకి ఫొటోలు తీసే రోజుల్లో నల్లకోటు పెళ్లికొడుకు పక్కన జరీ మెరిసే పెళ్లికూతురు కూర్చుంటే మా చేతులు వణికేవి. కాకి ఆ నల్లకోటు. కెమెరాకి నలుపూ తెలుపూ తెలియవు, ఎదురుగా ఏదున్నా మధ్యరకం బూడిదరంగు చేసి కూర్చోబెట్టాలని చూస్తుంది. కాకి తెల్లటి ఆకాశం ముందుంటే ఆ వెలుతురుకి జడిసి ఫొటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. కాకి బదులు కాకి ఆకారంలో ఒక కన్నం మిగులుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుగు సర్దే చక్రం, ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచు. అదే కాకి వెనక ముదురాకుపచ్చ వేపకొమ్మలుండి, ఫ్రేమంతా చీకటిగా ఉంటే కెమెరా ఎదురు పని చేసి కాకిని బూడిదలో పొర్లిన గాడిదలా చూపిస్తుంది. అప్పుడు మైనస్ 0.7. ఎండలో తెల్లకొంగ దొరికితే అక్కడా మైనస్సే, లేకపోతే దాని ఈకలు సున్నం పూసినట్టు ఒకే ముద్ద అయిపోతాయి.

ఇది చదివితే రాదు. గోడ మీద కాకి ఉండగా ఆ చక్రం అటూ ఇటూ తిప్పుతూ పది తీసి చూడు. మెడ దగ్గర బూడిదరంగు ఊరకాకికీ, ఒళ్లంతా నల్లగా ఉండే బొంతకాకికీ ఎంత తేడా వస్తుందో చూడు. ఊరకాకి ఎండలో తల వంచినప్పుడు మెడ కింది ఈకల మీద నీలం, ఊదా కలిసిన జిగి ఒకటి పారుతుంది. ఆ జిగి నీ ఫొటోలో కనపడిన రోజున నాకు ఫోన్ చెయ్యి. కంటి సంగతి కూడా కాకి దగ్గరే తేలుతుంది. నల్ల మొహంలో నల్ల కన్ను, నీ కెమెరాలో పిట్ట కన్నుని వెతికే తెలివి ఉన్నా ఒక్కోసారి తడబడి ముక్కుని పట్టుకుంటుంది. కంట్లో వెలుతురు చుక్క పడేదాకా ఆగి నొక్కు. కోకిల మగది కూడా నల్లదే గానీ కన్ను ఎర్రగా ఉంటుంది కాబట్టి అది నయం.

ఆగడమంటే గుర్తొచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు, "ఇంకోసారి పెట్టండి బాబూ" అంటే పంతులుగారు తంతారు. అందుకని మేం పెళ్లిపీటల చుట్టూ పరిగెత్తేవాళ్లం కాదు, చెయ్యి ఎక్కడికి వెళ్తుందో ముందే తెలుసుకుని అక్కడ ఫోకస్ పెట్టుకుని నిలబడేవాళ్లం. నువ్వూ అంతే. కుర్చీ వేసుకో. పిట్ట వెనకాల నువ్వు తిరిగితే అది నీ చెప్పుల చప్పుడు నేర్చుకుంటుంది.

కుర్చీ ఎక్కడ? మీ పెరడు పడమర వైపు. వీపు ఇంటికి పెట్టి కూర్చుంటే పొద్దున సూర్యుడు నీ వెనకుంటాడు, కానీ ఇంటి నీడ ఎనిమిది దాకా గోడని వదలదు. అందాకా జామచెట్టు తల మీద ఎండ పడుతుంది, అక్కడ చూడు. రామచిలకలు వచ్చేది కూడా అక్కడికే. (2018లో మన రాష్ట్ర పక్షి అయింది కదా, అప్పట్నుంచి వాటి అరుపులు కాన్వాయి సైరన్లలా వినపడుతున్నాయి నాకు.) సాయంత్రం ఎండ నీ మొహానికి కొడుతుంది, ఆ పూట ఊరుకో. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో తొమ్మిది దాటాక లెన్సు బయటికి తియ్యడం దండగ. డాబా మీంచి వేడి ఆవిరి లేస్తుంటే దూరం పిట్ట నీళ్లలో కదిలినట్టు వస్తుంది, ఎంత ఖరీదు లెన్సైనా.

కాకి నెల అయ్యాక ఒక మట్టి మూకుడు తెచ్చి నీళ్లు పెట్టు. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ పారబోసి కడుగు. మూకుడికి రెండడుగుల పైన ఒక ఎండుకొమ్మ కట్టు, పిట్ట తిన్నగా నీళ్ల మీదికి దూకదు, ముందు కొమ్మ మీద వాలి నాలుగు వైపులా చూస్తుంది. నీకు కావలసిన ఫొటో అదే. కొమ్మ వెనక కనీసం పదడుగులు ఖాళీ ఉండేట్టు చూసుకో, అప్పుడు వెనకున్న గోడ, దండెం మీద లుంగీ, అన్నీ కరిగిపోతాయి. పిచ్చుకలకి నూకలు, కొర్రలు చాలు, వరికంకుల కుచ్చు దొరికితే చూరుకి వేలాడదియ్యి. ఉప్పూ కారం తగిలిన అన్నం, బ్రెడ్డు ముక్కలు పెట్టకు. కరివేపాకు చెట్టుకి నల్లపళ్లు వచ్చినప్పుడు కొట్టెయ్యకండి, పిగిలిపిట్టలు, కోకిలలు వాటికోసం పోట్లాడుకుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటకు. గూడు జోలికి వెళ్లొద్దు.

నాకు నలభై ఏళ్లప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా వరండా ముందు మందార కొమ్మకి తేనెపిట్ట గూడు కట్టింది. సాలెగూడు దారాలు, ఎండుపీచు, బెరడు ముక్కలు కలిపి అల్లిన చిన్న సంచీ, గుమ్మం మీద చూరులాగా ఒక అంచు. లోపల రెండు పిల్లలు. గుమ్మానికి ఒక రెమ్మ అడ్డం వచ్చేది, జానెడు కూడా లేదు. కత్తెరతో తీసేశాను. పన్నెండు ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయనుకున్నా. తెల్లారి చూస్తే గూడు చిరిగి పేలికలా వేలాడుతోంది. ఎదురు గోడ మీద కాకి. మీ అత్తయ్య రోజూ అన్నం పెట్టే కాకే. దాని తప్పేముంది, కొమ్మ తీసి దారి చూపించింది నేను. ఆ రీలు కడిగాను గానీ ప్రింటు వెయ్యలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్లనీ గుడ్లనీ కదిలించడం నేరం కూడా. నాకు అప్పుడు తెలీదు. తెలిసుంటే ఆగేవాణ్ణా అంటే, ఏమో.

కెమెరా ఏసీ గదిలో పెట్టుకుని పొద్దున్నే బయటికి తెస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. తుడవకు, లెన్సు విప్పకు. బ్యాగు జిప్పు తియ్యకుండా హాల్లో అరగంట ఉంచి తర్వాత తియ్యి. వానాకాలం బీరువాలో అసలు పెట్టకు. నా లెన్సొకటి తోలు సంచీలో పెట్టి బీరువాలో దాస్తే రెండు వానాకాలాలకి లోపల బూజు సాలెగూడులా అల్లుకుంది. బాగుచేసినాయన బూజు తీసి గీత పెట్టి ఇచ్చాడు. గట్టి మూతున్న పప్పుల డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, అంతే. గింజలు నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చెయ్యి. షాపువాడు అంటగట్టిన ఆ చవక ఫిల్టరు ఇవాళే విప్పెయ్యి, ముందు తొడిగే హుడ్డు మాత్రం ఎప్పుడూ ఉంచు.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం గుంటూరు రా. ఉప్పలపాడు చెరువుకి పోదాం, మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. చెరువులోని చెట్ల నిండా గూడబాతులు, కొంగలు గూళ్లు పెట్టుకుని ఉంటాయి, గట్టు మీంచే తియ్యొచ్చు. నీ మైనస్, ప్లస్ లెక్కలన్నీ ఆ తెల్లరెక్కల మీద తేలతాయి. శనివారం రాత్రికే వచ్చెయ్యి, మీ అత్తయ్య గోంగూర పచ్చడి కలిపి పెడుతుంది. వచ్చేటప్పుడు కాకి ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకురా. బాగా వచ్చినవి ఏరి తేకు, పాడైనవి కూడా కావాలి నాకు.

మీ మామయ్య