యుద్ధానికి పదకొండు పేజీలు, ఆవిడకు రెండు

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అమ్మమ్మగారి మీద నువ్వు రాసిన పదహారు పేజీలూ చదివాను. పదకొండు పేజీలు 1971 యుద్ధానికి, మూడు తాతగారి మిలటరీ ప్రమోషన్లకు పోయాయి. ఆవిడకు మిగిలినవి రెండు. డిసెంబరు 3 నుంచి 16 దాకా ఢాకా వైపు ఏం జరిగిందో లైబ్రరీలో దొరుకుతుంది. ఆ పద్నాలుగు రోజులూ పుట్టింట్లో పోస్ట్‌మాన్ కోసం ఆవిడ ఏ గుమ్మంలో నిలబడిందో ఆవిడే చెప్పాలి.

కాబట్టి ర్యాంకుల వరస పక్కన పెట్టి కాపురాల వరస కట్టు. ఏ ఊరు, ఎన్ని నెలలు, క్వార్టర్ దొరికిందా లేదా, తాతగారు ఫీల్డులో ఉన్నప్పుడు ఆవిడ ఎక్కడుంది. సంవత్సరాలు గుర్తులేవంటే వదిలెయ్యి. ‘పెద్దాడికి పళ్లొచ్చేటప్పుడు’ అంటే చాలు, లెక్క నువ్వు కట్టుకోవచ్చు. పిల్లల టీసీలు దొరికితే సగం పని అయినట్టే.

ఇక నల్ల ట్రంకుపెట్టె. దాని గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. బదిలీ అయినప్పుడల్లా పాత అక్షరాల మీద నలుపు కొట్టి, తెల్లరంగుతో కొత్త ర్యాంకు, కొత్త స్టేషను రాయించేవారు. గది చీకటి చేసి, టార్చిని రేకుకు దాదాపు ఆనించి పక్కవాటుగా వెయ్యి. ‘మేజర్’ కింద ‘కెప్టెన్’ ఉబ్బెత్తుగా తేలుతుంది. గీకావో, రెండూ పోతాయి. మూత లోపల అంటించిన పాత పేపరు మీద తేదీ ఉంటే రాసుకో. ఆ పేపరు అతికించింది ఆ తేదీకి ముందు కాదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది, అంతకు మించి లాగకు.

ఉత్తరాల దగ్గర తొందరపడకు. కవర్లలో ఉత్తరాలు ఏళ్ల తరబడి తారుమారవుతాయి, కవరు మీది ముద్ర లోపలి కాగితానిదని నమ్మడానికి లేదు. ఇన్‌లాండు లెటరుకు ఆ బాధ లేదు, రాతా ముద్రా ఒకే కాగితం. ముందు వాటిని తేదీల వారీగా పేర్చి, కవర్లవి వాటి మధ్య ఇరికించు. 56 ఏపీఓ, 99 ఏపీఓ అన్న ఆర్మీ పోస్టాఫీసు చిరునామా చూసి ఊరి పేరు ఊహించకు, ఊరు తెలియకూడదనే అలా పెట్టారు. మూలన పెన్సిల్‌తో నంబరు వెయ్యి. సెల్లోటేపు, స్టేప్లరు దగ్గరకు రానీయకు.

అడిగేటప్పుడు ‘అప్పట్లో ఎలా ఉండేదమ్మమ్మా’ అనకు. ‘బాగానే ఉండేదే’ అంటుంది, అక్కడితో సరి. కిరోసిన్ స్టవ్వా, బొగ్గుల కుంపటా? ఎంఈఎస్ (మిలటరీ ఇంజనీర్ సర్వీసెస్) వాళ్లిచ్చిన మంచాలు ఎన్ని? క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు విరిగిన కుర్చీకి డబ్బు కట్టించుకున్నారా? ఇక్కడి నుంచి మోసుకెళ్లిన ఆవకాయ జాడీ ఎన్ని బదిలీలు తట్టుకుంది? ఒక పూటకు ముప్పావు గంట చాలు. మిలటరీలో అందరికీ ఆవిడ ‘మిసెస్ ఫలానా’, ఆర్డర్లీకి ‘మేమ్‌సాబ్’. సొంత పేరుతో పిలిచినవాళ్లు ఎవరో తప్పకుండా అడుగు. ఆవిడ మాటల్లో ఒడియా, హిందీ దొర్లితే దొర్లనీ. నువ్వు దిద్దిన గ్రాంథికంలో ఆవిడ గొంతు నాకు వినపడలేదు.

తప్పులు కొన్ని. 1971లో బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌ను కల్నల్ అన్నావు, అప్పుడు లెఫ్టినెంట్ కల్నలే. ఫిరంగిదళంలో ‘కంపెనీ’ ఉండదు, ‘బ్యాటరీ’ అంటారు. 1961లో పిల్లవాణ్ని కేంద్రీయ విద్యాలయంలో చేర్పించావు, అవి మొదలైందే 1963లో. ‘ఆవా’ (ఆర్మీవాళ్ల భార్యల సంక్షేమ సంఘం) పుట్టింది 1966లో, అంతకు ముందు లేడీస్ మీట్ రాయాలంటే ఆ పేరు వాడకు. గోపాల్‌పూర్‌లో ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, అక్కడ పనిచేసి ఇక్కడే స్థిరపడినవాళ్ల ఇంటావిడ ఎవరైనా తెలిస్తే చిత్తుప్రతి ఒకసారి చదివించు. నేను పట్టనివి ఆవిడ పడుతుంది.

రెండో చిత్తు పంపేటప్పుడు పెట్టె మూత ఫొటో కూడా పెట్టు. వెలుతురు ఎడమవైపు నుంచి పడ్డది ఒకటి, కుడివైపు నుంచి పడ్డది ఒకటి.