వేరుశనగ మొక్క పచ్చగా ఉన్నా కాయల్లో గింజ ఎందుకు నిండదు? కాల్షియం లోపమేనా?

చాలాసార్లు కారణం అదే. వేర్లు పీల్చిన కాల్షియం నీటితో పాటు పైకి, ఆకుల వైపు వెళ్తుంది. అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగదు. కాయ మట్టిలో ఉంటుంది కాబట్టి దానికి ఆకులా నీరు ఆవిరి చేసే వీలు లేదు, వేర్ల నుంచి వచ్చేది దాదాపు సున్నా. అందుకే ఊడ (పూత తర్వాత మట్టిలోకి దిగి, చివర కాయ కట్టే కాడ), కాయ తమకు కావాల్సిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటాయి. ఆకులపై పిచికారీ చేసి కాయకు అందించాలనుకోవడం దండగ.

లోపం ఉంటే లొట్ట కాయలు, ఒంటి గింజ కాయలు పెరిగి దిగుబడి పడిపోతుంది. విత్తనానికైతే నష్టం ఇంకా ఎక్కువ. పైకి బాగానే కనిపించే గింజను చీల్చి చూస్తే లోపలి మొలక నల్లబడి ఉంటుంది, మొలక శాతం తగ్గుతుంది. లావు గింజ రకాలకు ఈ బెడద ఎక్కువ.

ఊడలు మట్టిలోకి దిగాక మొదటి కొన్ని వారాలే కీలకం. పూత దశలో కాల్షియం ఉండే జిప్సం వేయమనేది అందుకే. అది త్వరగా కరుగుతుంది, నేల ఉదజని సూచికను (pH, అంటే ఆమ్ల-క్షార గుణాన్ని) పెద్దగా మార్చదు. సున్నం నెమ్మది, ఆమ్ల నేలల్లో విత్తే ముందే కలపాలి. పైమట్టి ఎండిపోతే మాత్రం ఎంత జిప్సం ఉన్నా కాయకు అందదు. పొటాష్ అతిగా వేసినా అంతే, అది కాల్షియంతో పోటీ పడుతుంది.