ఇల్లు–గోడలు: పెయింటు మేస్త్రి జవాబులు

ప్రశ్న: కావలిలో ఒక పాత ఇల్లు నిరుడు కొన్నాం. హాల్లో ఒక గోడ నిండా ముందున్నవాళ్లు అంటించిన పూల వాల్‌పేపర్ ఉంది. అంచులు లేచిపోయాయి, వాన పడితే ముక్కవాసన. మావారు ఒక మూల పట్టుకుని లాగితే పైపొర ఒక్కటే వచ్చింది. ఇంకోచోట పుట్టీ పెచ్చు కూడా ఊడొచ్చింది. మామగారు దానిమీదే రంగు వేయించేయమంటున్నారు. పెయింటరేమో గోడంతా చెక్కేయాలంటున్నాడు. గోడకు అవతల బాత్రూమ్ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక టీచరమ్మ, కావలి

జవాబు: అమ్మా, ఆ రెండూ వద్దు. మీ గోడకు కావలసింది గోరువెచ్చని నీళ్లు, కాస్త ఓపిక. ముప్పై ఏళ్లకు పైగా నెల్లూరులో ఇదే పనిలో ఉన్నాను. వాల్‌పేపర్ దగ్గర గోడ పాడయ్యేది ఎక్కువగా తొందర వల్లే.

మీవారి చేతికి వచ్చింది ప్లాస్టిక్ పూత ఉన్న పైపొర. అది పొడిగానే వస్తుంది, రానివ్వండి. గోడకు కరుచుకుని ఉండేది దాని కిందున్న కాగితం. దాన్ని పొడిగా లాగితేనే పుట్టీ ఊడొస్తుంది. ముందు ఆ గదికి మెయిన్‌లో కరెంటు ఆపేయండి. స్విచ్ బోర్డుల మీద ప్లాస్టిక్ కవరు, టేపు వేయండి. నేల మీద పాత దుప్పట్లు పరవండి, బంక నీళ్లు పడితే టైల్సు మీద కాలు జారుతుంది. బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, ఒక కప్పు వెనిగర్ కలిపి స్ప్రే బాటిల్‌తో గానీ స్పాంజితో గానీ కాగితం బాగా నానేలా తడపండి. రోల్ వెడల్పు మామూలుగా 21 అంగుళాలు. ఒకసారికి రెండు పట్టీలే తడపండి, గోడంతా తడిపితే ఒక కొస తీసేలోపు రెండో కొస ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పావుగంట ఆగి ఇంకోసారి తడపండి. కాగితం రంగు ముదిరి, వేలితో నెడితే ముడత పడాలి. అప్పుడు పుట్టీ బ్లేడును గోడకు దాదాపు ఆనించి కాగితం కింద దూర్చండి. బ్లేడును నిలబెట్టి గీకితే గోడకు గీతలు పడతాయి. బ్లేడు మూలలను ముందే ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దుకుంటే ఇంకా మంచిది.

కాగితం పోయాక గోడ నున్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. నేను పనిలోకి వచ్చిన కొత్తల్లో దర్గామిట్టలో ఒక ఇంట్లో అలాగే మోసపోయాను. కాగితమంతా తీశాం, ప్రైమర్ కొట్టాం, రెండు కోట్లు రంగు వేశాం. రెండు నెలలకు ఆ ఇంటి పెద్దమ్మ కబురు పెట్టారు. వెళ్లి చూస్తే గోడ ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంది. గోటితో కదిపితే రంగూ ప్రైమరూ కలిసి పెచ్చుగా లేచాయి. తడివేలు పెడితే ఆ పెచ్చు వెనకవైపు బెండకాయ జిగురులా జారింది. నేను కడగకుండా వదిలేసిన బంక అది. ఆ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చి కూర్చోమన్నారు. నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. మామగారికి ఈ సంగతి చెప్పండి, బంక మీద వేసిన రంగు నిలవదు.

కాబట్టి గోడను వేడినీళ్ల స్పాంజితో కింది నుంచి పైకి తుడవండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికి కారి చారలు పడతాయి. నీళ్లు మురికైనప్పుడల్లా మార్చండి. రెండు మూడు సార్లు తుడిచాక అరచేయి తడిపి గోడ మీద రాయండి. జారుడు తగిలితే బంక ఇంకా ఉన్నట్టే. మైదా బంకో పిండి బంకో అనిపిస్తే మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ నాలుగు చుక్కలు అరగ్లాసు నీళ్లలో కలిపి, దూదితో ఓ మూల అద్దండి. నీలంగానో నల్లగానో మారితే అక్కడ పిండి ఉంది. కొన్ని ప్యాకెట్ బంకల్లో పిండి ఉండదు, వాటికి రంగు మారదు. అందుకే అరచేతి పరీక్షే నాకు పెద్దది. గోడకు పాత డిస్టెంపర్ ఉంటే అది కూడా కరిగి వచ్చేస్తుంది, కంగారు పడకండి, రానివ్వండి. పీఓపీ గోడయితే మాత్రం నీళ్లు పొదుపుగా వాడాలి.

ఇక మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన బాత్రూమ్ సంగతి. నాకు అసలు టెన్షన్ అక్కడే. వానకు ముక్కవాసన వస్తోందంటే కాగితం వెనక బూజు పట్టి ఉండొచ్చు. ప్లాస్టిక్ పొర గోడను ఊపిరి ఆడనివ్వదు. కాగితం తీశాక నల్లమచ్చలు గానీ తెల్లటి ఉప్పు పొడి గానీ కనిపిస్తే, అడుగు చదరం ప్లాస్టిక్ షీటు గోడకు నాలుగు వైపులా టేపుతో అతికి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటి చుక్కలు చేరితే చెమ్మ గోడలోంచే వస్తోంది. ప్లంబర్‌తో బాత్రూమ్ పైపు, టైల్సు సందులు చూపించి బాగు చేయించాకే రంగు సంగతి. లేకపోతే ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఏడాది తిరక్కుండా పొక్కుతుంది. నల్లమచ్చలు తుడిచేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి గ్లవుజులు వేసుకోండి.

మన జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఈ పని సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. కడిగిన గోడను నాలుగైదు రోజులు కిటికీలు తీసి ఆరనివ్వండి. తర్వాత ఊడిన పెచ్చు దగ్గర పుట్టీ, ఉప్పు కాగితం, ప్రైమర్, రంగు. చెక్కడం ఆ పెచ్చు చుట్టూ గుల్లగా మోగే చోట మాత్రమే. వేలితో తట్టి చూసుకోండి, గోడే చెబుతుంది.

ప్రశ్న: అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. పిల్లల గదిలో స్టిక్కర్ షీట్లు అంటించాం. నీళ్లతో నానబెట్టినా రావడం లేదు.
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అది నీళ్లకు కరిగే బంక కాదు, వేడికి మెత్తబడే జిగురు. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల అరచేతి మేర వేడి చేసి, షీటును దాని మీదకే మడుస్తూ గోడ వెంబడే నిదానంగా లాగండి. ఎదురుగా లాగితే రంగు ఊడుతుంది. మిగిలిన జిగురుకు కిరసనాయిలు, కొబ్బరినూనె రాయకండి, ఆ మరక మీద కొత్త రంగు పట్టదు. వేళ్లతో ఉండచుట్టి తీసేయండి. రంగు లేచిన చోట ఓనరుకు ముందే చెప్పి, అదే రంగు చిన్న డబ్బా తెచ్చి వేయించండి.