బీము కింద ఆరంగుళాలే ఉంటే ఏ తలుపు?

అండీ, కారు షెడ్డు మెరక చేశాక బీము కింద, తలుపుకి పైన ఆరంగుళాలే మిగిలిందని, తుప్పు పట్టిన షట్టర్ బదులు ఏం పెట్టాలని అడిగారు. మన గోదావరి జిల్లాల్లో రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా వచ్చే బాధే ఇది.

మళ్లీ లోపలి షట్టర్ వద్దండీ. ఏడడుగుల షట్టర్ చుట్టుకుంటే ఆ చుట్టే అడుగుకు పైన ఉంటుంది, కారు డిక్కీ తగులుతుంది. బయట గోడకి, సన్‌షేడ్ కింద బిగించవచ్చు కానీ వాన జల్లు పడుతుంది.

నా మాట వింటే నాలుగు రెక్కల మడత తలుపు చేయించండి. అటు రెండు, ఇటు రెండు, బయటికి మడుచుకుంటాయి. పైన రెక్కలు జారే పట్టా (ట్రాక్) అక్కర్లేదు కాబట్టి ఎత్తు పోదు. ముందు మాత్రం ఒక రెక్క తిరిగేంత జాగా ఉందో చూసుకోండి.

పాలకొల్లులో మా ఇంటికి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపుతో చేయించాం. రెండేళ్లకి తుప్పు లేచింది, అదీ సరిగ్గా వెల్డింగ్ చేసిన చోటే! ఆ వేడికి జింకు పూత కాలిపోతుంది. మేస్త్రీ వెళ్లేలోపే అతుకులు గీకించి జింకు ప్రైమర్ కొట్టించండి. బందులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. అడుగున అంగుళం ఖాళీ వదలండి, వాననీళ్లు నిలవవు.